పాత దుంగల ఇంటి సందులకు హైడ్రాలిక్ సున్నం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ వద్దు

అమెరికా తూర్పు భాగాన ఉన్న డెలావేర్ లోయలోని పాత దుంగల ఇళ్లకు సిమెంటు పూసి పాడుచేసిన గోడలే ఎక్కువ కనిపిస్తాయి. దానికి బదులుగా దొరుకుతున్న సహజ హైడ్రాలిక్ సున్నం (నీళ్లు కలిపితే గట్టిపడే సున్నం), 3.5 రకం, మంచి సరుకే. కానీ ముందు ఇంట్లో ఏ భాగం ఎవరు కట్టారో చూడాలి.

1638 నుంచి వచ్చిన స్వీడిష్, ఫిన్నిష్ వాళ్లు పై దుంగ అడుగును తొలిచి కింది దుంగ మీద కూర్చోబెట్టి, మధ్యలో నాచు పెట్టేవాళ్లు. సందు దాదాపు ఉండదు, అక్కడ సున్నంతో పని లేదు. తర్వాత వచ్చిన జర్మన్లు, స్కాచ్-ఐరిష్ వాళ్లు (ఐర్లాండ్ నుంచి వచ్చిన స్కాట్లాండ్ మూలాల వాళ్లు) కట్టిన భాగాల్లో దుంగల మధ్య సందు వదిలి చెక్కపేళ్లు, రాళ్లు, మట్టితో పూడ్చేవాళ్లు. ఈ సున్నం ఆ సందులకే.

సిమెంటు గోడను ఎందుకు చెడగొడుతుందంటే, దుంగ తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, సిమెంటు కదలదు. పై అంచున వెంట్రుకంత చీలిక పడుతుంది. అందులో దిగిన వాన బయటికి రాలేక కింది దుంగ నెత్తిన నిలుస్తుంది. అక్కడ దబ్బనం గుచ్చితే అర అంగుళం మెత్తగా దిగిపోతుంది.

సున్నం 1 వంతుకు గరుకు ఇసుక 2.5 వంతులు కలపాలి. మొదటి పూతలో పశువుల వెంట్రుకలు కలిపితే పట్టు బాగుంటుంది. సందులో చెక్కపేళ్లు బిగించి, తడిపి, పలచని పొరలుగా అదమాలి. పూత పై దుంగ అంచుకన్నా పావు అంగుళం లోపలే ఉండి, నీళ్లు జారేలా బయటికి వాలాలి. వారం పాటు తడి గోనె కప్పకపోతే ఎండకు పొడిపొడిగా రాలుతుంది. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చలిగా ఉంటే పని మొదలుపెట్టొద్దు. సన్నని చీలికలు దీనికీ వస్తాయి, అప్పుడప్పుడు మళ్లీ పూయక తప్పదు. సున్నానికి బదులు వాడే యాక్రిలిక్ పేస్టు (ప్లాస్టిక్ లాంటి పూత) సాగుతుంది గానీ, ఊడదీస్తే పాత కలప పీచు కూడా లేచి వస్తుంది.

తర్వాతి కాలం వాళ్లు దుంగల మీద కొట్టిన పలకల తొడుగు ఉంటే, "అసలు రూపం" కోసం పీకేయకండి. ఆ తొడుగే దుంగలను వాన నుంచి కాపాడింది. తొడుగు ఏ కాలానిదో తెలియాలంటే ఒక్క పలక లేపి మేకు చూడండి: తల సుత్తితో కొట్టినట్టుండి, నాలుగు వైపులా సన్నబడితే చేతి మేకు. రెండు వైపులే సన్నబడి, మొండి కొన ఉంటే 1790ల తర్వాతి యంత్రపు మేకు. గుండ్రని తీగ మేకైతే 19వ శతాబ్దం చివరిది, లేదా ఆ తర్వాతిది. పలక గట్టిగా ఉంటే తిరిగి బిగించేయండి, సున్నం సంచీ విప్పాల్సిన పని లేదు.