ఫ్లాటు కొనేముందు ఇన్‌స్పెక్షన్: మూడేళ్లు ఉన్నాక నా మాట

2022 మార్చిలో విజయవాడ పక్కన పోరంకిలో ఫ్లాటు కొంటూ, రిజిస్ట్రేషన్‌కు పది రోజుల ముందు ఇల్లు పరీక్షించేవాళ్లను పిలిపించాం. ఫీజు 8 వేలు. "వాస్తు చూపించాం కదరా, మళ్లీ ఇదెందుకు?" అన్నాడు మా మేనమామ. సిద్ధాంతిగారికి ఐదు వేలు ఇచ్చినప్పుడు ఎవరూ నోరు మెదపలేదు. ఇంజినీరుకు ఇస్తుంటే మాత్రం అందరికీ దండగే.

వచ్చిన కుర్రాడు మూడు గంటలు ఉన్నాడు. సన్నని ఇనుప కడ్డీతో టైల్స్ ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయాడు. హాల్లో అన్నీ ఒకేలా గట్టిగా పలికాయి, వంటింటి గుమ్మం దగ్గర నాలుగు మాత్రం డొల్లగా మోగాయి. కింద సిమెంటు సరిగ్గా పట్టలేదట. బాత్రూంలో బకెట్ నీళ్లు గుమ్మరించాడు. నహానీ ట్రాప్ (నేలమీది నీళ్లు పోయే జాలీ) వైపు పోవాల్సిన నీళ్లు గుమ్మం దాటి వచ్చి మా చెప్పులు తడిపాయి. ఇవన్నీ ఒక ఎత్తు, గీజర్ పాయింటు ఒక ఎత్తు. సాకెట్ విప్పి చూపించాడు, ఎర్త్ వైరే లేదు. సరే, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ అయినా కాపాడుతుందా అంటే, టెస్ట్ బటన్ నొక్కినా అది ట్రిప్ అవలేదు. అప్పటికి మా పాపకు నాలుగేళ్లు. ఆ రాత్రి మా ఆవిడకు నిద్ర లేదు.

ఫొటోలతో 30 పేజీల రిపోర్టు ఇచ్చారు. దాని విలువ బిల్డర్ ముందు పెట్టినప్పుడు తెలిసింది. నోటితో చెబితే "చూద్దాం సార్" అనే మనిషి, వారంలో మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ని పంపాడు. అప్పటికి మేమింకా రెండు లక్షలు ఇవ్వాలి లెండి. డబ్బంతా ముట్టాక అయితే ఫోన్ ఎత్తేవాడా?

అయితే ఇన్‌స్పెక్షన్‌వాళ్లు అన్నీ పట్టుకుంటారని అనుకోవద్దు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు, లాయరే చూడాలి. వానొస్తే వీధిలో ఎంత నీళ్లు నిలుస్తాయో మాకు చెప్పింది మలుపులో టీ కొట్టాయన. వీళ్లు గోడ పగలగొట్టరు, కంటికీ మీటరుకూ అందినంతే చూస్తారు. ఎండాకాలంలో చేయించడం మా పొరపాటు, చెమ్మ కొలిచే మీటరు పెట్టిన చోటల్లా గోడ పొడిగానే ఉందంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగిందే, ఆ వానలకు మా పడమటి గదిలో కిటికీ కింద చెమ్మ దిగి పెయింటు పొక్కులు లేచింది.

ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడి మనం చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. ఆ సంగతి రాసి, పాత రిపోర్టులోని ఆ కిటికీ ఫొటో జతచేసి బిల్డర్‌కు పంపాను. మేం అక్కడ ఏమీ కదిలించలేదనడానికి అదే సాక్ష్యం. నాలుగు వారాలు తిప్పించుకుని మేస్త్రీని పంపాడు.

ఈ ఇన్‌స్పెక్షన్‌కు ఐదుకు నాలుగు ఇస్తాను. చెమ్మ మళ్లీ రాలేదు, రంగే కలవలేదు. ఆ మచ్చ మీద ఇప్పుడు టీటీడీ క్యాలెండరు వేలాడుతోంది.