పాండాల అడవిలో ట్రాప్ కెమెరా: దారి పడుతుంది, మేత పట్టదు

చైనాలోని ఛిన్‌లింగ్, మిన్‌షాన్ కొండల్లో అడవి పాండాల కోసం కట్టే మామూలు ట్రాప్ కెమెరా ఇది, జంతువు ఎదుటికొస్తే తనంతట తానే ఫొటో తీసేది. ఎనిమిది ఏఏ బ్యాటరీలు, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్, వేడి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్. కంపెనీ మారినా లోపలి పని దాదాపు ఒకటే. పాండా ఎక్కడ, ఏ వేళ తిరుగుతోందో చెప్పడంలో 5కి 4 ఇవ్వొచ్చు. ఏం తింటోందో చెప్పడంలో 2, అదీ ఉదారంగా.

చిక్కు పాండాతోనే. సెన్సర్ మోగాలంటే ఒంటికీ చుట్టుపక్కలకీ వేడిలో తేడా ఉండాలి, కదలికా ఉండాలి. పాండా దట్టమైన బొచ్చు లోపలి వేడిని పైకి రానివ్వదు. పైగా మేసేటప్పుడు చెట్టుకు వీపు ఆనించి కూలబడుతుంది. ముంజేతులు, దవడలు తప్ప ఏదీ కదలదు. అందుకే పెట్టె మీద రాసిన 20 మీటర్ల సెన్సర్ పరిధిని నమ్మొద్దు, 3 నుంచి 5 మీటర్ల లెక్కనే కట్టాలి. (నల్లమలలో పులుల కెమెరాలకు ఎండాకాలంలో వచ్చే తంటా కూడా ఈ జాతిదే. అక్కడ జంతువు చల్లబడదు, అడవే వేడెక్కుతుంది.)

ఎత్తు 50–80 సెంటీమీటర్లు, ముఖం ఉత్తరానికి, దారికి ఏటవాలుగా. ఎదురుగా వేలాడే వెదురాకుల్ని నరకకుండా పక్కకు లాగి కట్టండి. నరికితే ఆ జంతువు కంచం తీసేసినట్టే. వదిలేస్తే ఎండకు కాగిన ఆకులు గాలికి ఊగి కార్డంతా ఖాళీ ఫొటోలతో నింపుతాయి. చలికి ఆల్కలైన్ బ్యాటరీలు తొందరగా డీలాపడతాయి, లిథియం ఏఏ పెట్టండి. బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ తేదీ చూసుకోవాలి. అది రీసెట్ అయితే ఆ సీజన్ డేటా పోయినట్టే.

ఎక్కువ బొమ్మలు కావాలని అందరూ శిఖర దారుల్లో, పాండాలు వాసన పూసే చెట్ల ఎదుట కడతారు. వస్తాయి, కానీ అన్నీ నడకా, పూతలే. మేత ఉండేది వాలు తక్కువగా ఉన్న వెదురు పొదల్లో. అక్కడ కెమెరాకు రెండు మూడు మీటర్లకు మించి కనపడదు. శిఖరం మీది లెక్కతో 'పాండాకు ఇష్టమైన చోటు ఇదే' అనేస్తే తప్పు.

ఛిన్‌లింగ్‌లోని ఫోపింగ్ అభయారణ్యంలో కాలాన్ని బట్టి కెమెరాల చోటు మార్చకపోయినా అంతే. అక్కడి పాండాలు ఏడాదిలో ఎక్కువ కాలం కింది కొండల బషానియా వెదురు మీద బతికి, జూన్‌లో వెదురు కొమ్ముల (లేత మొలకల) కోసం పైనున్న ఫార్గేసియా వెదురు పొదలకు ఎక్కుతాయి. వేసవి చివర దిగుతాయి. జూన్ మొదలయ్యేలోపే పైన కెమెరాలు ఉండాలి.

మేత లెక్కకు మాత్రం పెంటే దిక్కు. రోజుకు 12 నుంచి 38 కిలోల వెదురు తిన్నా పాండాకు అరిగేది ఐదో వంతు కూడా కాదు, కాబట్టి కొరికిన ముక్కలు ముక్కలుగానే బయటపడతాయి. ఆకా, కాండమా, లేత మొలకా అన్నది అక్కడే తెలుస్తుంది; ముక్కల పొడవు కొలిచి ఏ పాండాదో విడదీయడం చైనా సర్వేల్లో పాత పద్ధతి. కార్డు మార్చడానికి వెళ్లినప్పుడు కెమెరా చుట్టూ పది మీటర్లు వెతికి, కొరికిన మోళ్లు, పెంట నమోదు చేయండి. తాజా పెంటైతే డీఎన్‌ఏ కోసం పై పొర నుంచి నమూనా తీయండి.