బెన్యామీను పేరు చెక్కించాం: శ్రీకాకుళంలో ఓ మెమెంటోల షాపు

మా మేనల్లుడికి కొడుకు పుట్టాడు. బెన్యామీను అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టే ప్రార్థనకి ఏం పట్టుకెళ్దామా అనుకుంటుంటే, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షీల్డులు, మెమెంటోలు చేసే షాపులో పేరూ, దాని అర్థమూ చెక్క మీద లేజర్‌తో చెక్కి ఇస్తారని మా చెల్లి చెప్పింది. అడుగు పొడవు టేకు బోర్డుకి 900 అయింది. చెక్క పొట్టు అదిమి చేసే ఎమ్‌డీఎఫ్ బోర్డు అయితే సగం రేటే గానీ, మన వానాకాలం తేమకి ఉబ్బిపోతుంది. వద్దు.

తెలుగు అక్షరాలు చాలా బాగా వచ్చాయి. 'న్యా' కింద వత్తు కూడా ఎక్కడా మాడకుండా శుభ్రంగా ఉంది. హీబ్రూలో కూడా కావాలన్నాను. ఆ భాష కుడి నుంచి ఎడమకి రాస్తారు. బేత్, నూన్, యోద్, మేమ్, యోద్, నూన్, మొత్తం ఆరు అక్షరాలు. నూన్ రెండుసార్లు వస్తుంది, మాట చివర వచ్చే నూన్‌కి మాత్రం గీత పొడుగ్గా కిందకి దిగుతుంది. వాట్సాప్‌లో పంపిన ప్రూఫ్‌లో ఆ పొడుగు నూన్ కుడి చివర, అంటే పేరు మొదట్లో ఉంది. కంప్యూటర్ వరస తిరగేసేసింది. వెళ్ళి చూపిస్తే ఆ కుర్రాడు ఏమీ విసుక్కోలేదు. "ఒక్క నిమిషం అమ్మా" అని సరిచేసి, స్క్రీన్ మీద పెద్దది చేసి ఒక్కో అక్షరం నాతో ఓకే చేయించుకున్నాడు. అదనంగా డబ్బులేం అడగలేదు.

అర్థం దగ్గరే నాకు తృప్తి కలగలేదు. వాళ్ళ లిస్టులో 'కుడిచేతి కుమారుడు' అని ఒక్క ముక్క ఉంది. తప్పు కాదు, 'బెన్' అంటే కొడుకు, 'యామీన్' అంటే కుడి. కానీ బైబిల్లోని బెన్యామీనుకి మొదట పేరు పెట్టింది తల్లి. ఆదికాండం 35వ అధ్యాయంలో రాహేలు ఎఫ్రాతా దారిలో కాన్పు కష్టమై, ప్రాణం పోతుండగా బెనోని అని పిలిచింది. 'నా దుఃఖపు కొడుకు' అని. దాన్ని బెన్యామీనుగా మార్చింది తండ్రి యాకోబు. ఆ దుఃఖపు పేరు బిడ్డ మీద ఉండిపోకూడదనుకున్నాడేమో అనిపిస్తుంది నాకు. తూర్పుకి తిరిగి నిలబడితే కుడివైపు దక్షిణం కదా, హీబ్రూలో యామీన్ అంటే దక్షిణం కూడా. 11వ శతాబ్దపు యూదు పండితుడు రషీ అందుకే ఇది దక్షిణాన పుట్టిన కొడుకు అనే అర్థమన్నాడు. అన్నలంతా ఉత్తరాన పద్దనరాములో పుడితే, ఇతనొక్కడూ దక్షిణాన కనానులో పుట్టాడు.

మా కోడలికీ కాన్పు చాలా కష్టమైంది. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా క్షేమం. అందుకని రాహేలు పెట్టిన పేరు వదిలెయ్యడానికి మనసొప్పలేదు, బోర్డు ముందువైపు వెయ్యడానికీ మనసొప్పలేదు. వెనకవైపు చిన్న అక్షరాలతో తల్లి పెట్టిన పేరు, తండ్రి పెట్టిన పేరు, వచనం నంబరు చెక్కించాను. దానికి 150 తీసుకున్నారు. వెనకవైపు ఎవరూ అడగరట. అడగండి, చేస్తారు.

గోడకి తగిలించే హుక్కు మాత్రం చాలా పల్చన, టేకు బరువుకి ఆగదు. మార్పించుకోండి. పేరు అర్థం వాళ్ళ లిస్టుకి వదిలెయ్యకుండా మీరే కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, ఉన్నదున్నట్టు టైపు చేస్తారు.