వెండి పూత బరకంతో మూడు ఎండాకాలాలు

"ఏటి బావా, ఇది టెంటా, ఇడ్లీ పాత్రా?"

ఒడిశాలో మహేంద్రగిరి కొండ మీద ఓ మే నెల పొద్దున, ఇంకా ఆరున్నర కూడా కాకముందే, మా బావమరిది టెంటు జిప్పు లాగి బయటికి దూకుతూ అన్న మాట ఇది. 1,500 మీటర్ల ఎత్తు, చల్లగా ఉంటుందని వెళ్లాం. చల్లగానే ఉంది, బయట. రాత్రి దుప్పట్లు కప్పుకున్న మేమే పొద్దునకి బనియన్లు పిండుకున్నాం. ఇంటికి రాగానే ఆన్‌లైన్‌లో వెండి పూత ఉన్న బరకం (టార్పాలిన్) ఒకటి తెప్పించాను. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, ఖరీదు పద్నాలుగు వందలు. మూడు ఎండాకాలాలు వాడాక రాస్తున్నది ఇది. కంపెనీ పేరు రాయను, ఇలాంటివి అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి.

వస్తువు మంచిదే. కానీ మొదటి ఏడాదంతా నేను దాన్ని తప్పుగా కట్టాను. పెళ్లి పందిరిలా నాలుగు మూలలా ఏడడుగుల ఎత్తున, బల్లపరుపుగా. మధ్యాహ్నానికి అది బ్రహ్మాండం. పొద్దున మాత్రం దండగ. ఆరున్నరకి దాని నీడ ఇరవై అడుగుల అవతల, పడమర వైపు నిలబెట్టిన బైకు మీద పడింది. బైకు హాయిగా చల్లగా ఉంది, మేం ఉడికిపోయాం. పొద్దుటి ఎండ నెత్తిమీంచి రాదు, పక్కనుంచి వస్తుంది. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే, పందిరి కట్టేటప్పుడు గుర్తు రాలేదు.

మా పర్లాకిమిడి వైపు మే నెలలో ఐదుంబావు దాటేసరికే పొద్దు పొడుస్తుంది. అదీ సరిగ్గా తూర్పున కాదు, కాస్త ఈశాన్యానికి జరిగి. కాబట్టి ముందురోజు సాయంత్రమే ఫోన్‌లో దిక్సూచి తెరిచి ఈశాన్యం ఎటో చూసుకుంటాను. (మా ఆవిడ వాస్తు చూస్తున్నాననుకుంది.) రెండో ఏడాది నుంచి బరకాన్ని ఒంటి వాలు పాకలా కడుతున్నాను. ఈశాన్యం వైపు అంచు నేలకి అడుగు ఎత్తులో, టెంటుకి రెండడుగుల దూరంలో. అవతలి అంచు టెంటు మీదుగా వెళ్లి నైరుతి వైపు ఏడడుగుల ఎత్తున కర్రలకో చెట్టుకో. మెరిసే వైపు పైకి. టెంటు శిఖరానికీ బరకానికీ మధ్య కనీసం జానెడు సందు ఉండాలి. ఆనిందంటే బరకం వేడి నేరుగా టెంటుకి దిగుతుంది, గాలి ఆడదు. కింద వదిలిన అడుగు సందులోంచి తొలి ఎండ కాసేపు కాళ్ల వైపు పడుతుంది. పడనివ్వండి, ఆ సమయానికి దానికి అంత బలం ఉండదు. ఆ సందు మూసేస్తే గాలి పోతుంది.

తేడా ఎంతో తెలుసుకుందామని చిన్న డిజిటల్ థర్మామీటర్ లోపల వేలాడదీశాను. ఒకే చోట, రెండు వరుస పొద్దులు, ఏడున్నరకి. బరకం లేని రోజు బయట 30 డిగ్రీలు, లోపల 39. బరకం కట్టిన రోజు బయట 30, లోపల 32. రెండు రోజుల లెక్కే, శాస్త్రం కాదు. కానీ ఆ రెండో రోజు మా బావమరిదిని ఎనిమిదికి కాళ్లు పట్టి లాగాల్సి వచ్చింది.

ఇక లోపాలు. గాలి వేస్తే రాత్రంతా పటపటమని మోత. కొరాపుట్ వైపు దేవమాలి కొండ మీద, 1,672 మీటర్ల ఎత్తున చెట్టూ చేమా లేని గడ్డి మైదానంలో, ఆ చప్పుడికి ఎవరం నిద్రపోలేదు. అక్కడే ఒక మూల తాడు కట్టే రింగు గుడ్డతో సహా ఊడి చేతికొచ్చింది. ఇప్పుడు రింగులని నమ్మడం మానేశాను. మూలలో ఒక గులకరాయి పెట్టి, బరకాన్ని దాని చుట్టూ ముడిచి, ఆ మెడకి తాడు బిగిస్తాను. ఎంత లాగినా ఊడదు. మూడో ఎండాకాలానికి వెండి పూత రాలడం మొదలైంది. మడతలు ఉన్నచోట ముందు. ఉప్మా గిన్నెలో మెరుపులు, చేతులకి మెరుపులు, ఎవరి పెళ్లికో వెళ్లొచ్చినట్టు.

బరకం ఒక్కటే చాలదు. వానకి టెంటు మీద కప్పే పైగుడ్డ గుంజి కట్టి జిప్పులన్నీ మూసుకుని పడుకుంటే, వేడి గాలి పైకి లేచి అక్కడే చిక్కుకుంటుంది. వాన సూచన లేని రాత్రి నేను పైగుడ్డ తీసేస్తాను, దోమతెర ఒక్కటే ఉంటుంది, బరకం ఎలాగూ పైన ఉంది కదా. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుముల గాలివాన వచ్చిందంటే మాత్రం ముందు బరకం దించేయండి, తెరచాపలా టెంటుని కూడా లాక్కుపోతుంది. చార్జింగ్ ఫ్యాన్ కూడా కొన్నాను. మూసిన టెంటులో అది వేడిగాలినే తిప్పి తిప్పి మొహాన కొడుతుంది.

చోటు కూడా చూసుకోవాలి. రాయగడ దగ్గర హాతిపథర్‌లో నాగావళి ఒడ్డున బండలు చూడ్డానికి చదునుగా, పడుకోవడానికి పిలుస్తున్నట్టు ఉంటాయి. పగలంతా తాగిన ఎండని అవి రాత్రంతా కక్కుతాయి. మట్టినేల మేలు, తూర్పున గుబురు చెట్టుంటే ఇంకా మేలు. మామిడి, పనస నీడ చిక్కన. సరుగుడు నీడ నీడే కాదు.

గోపాల్‌పూర్ తీరంలో బరకం బదులు నర్సరీల్లో కట్టే, 75 శాతం ఎండని ఆపే పచ్చ షేడ్ నెట్ వాడి చూశాను. గాలి దాంట్లోంచి పోతుంది, మోత లేదు, నాలుగొందల లోపే వచ్చింది. లోపల బరకం కింద ఉన్నంత చల్లగా లేదు, వాన ఆపదు. కానీ గాలి ఎక్కువ ఉన్నచోట నేను దానికే ఓటేస్తాను. ఇసుకలో మేకులు నిలవవు, బియ్యం సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, పూడ్చాం. తలుపు ఊరి వైపు పెట్టుకోండి, తెల్లవారుజామున గాలి నేలమీంచి సముద్రంలోకి పోతుంది. పాత నూలు చీర తడిపి కిటికీకి కట్టే మా అమ్మ చిట్కా రాయగడ, కొరాపుట్ వైపు పొడి గాలికి బాగా పనిచేసింది. గోపాల్‌పూర్‌లో చీర ఆరనే లేదు, లోపల ఇంకాస్త ఉక్కపోసింది.

కారులో వెళ్లేవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు బరకం కొనుక్కోవచ్చు. వీపున సంచి వేసుకుని కొండెక్కేవాళ్లకి బరువు, వాళ్లు నెట్‌తో సర్దుకోవడం నయం. నేను మళ్లీ అదే సైజు బరకానికి ఆర్డర్ పెట్టాను. పాతదాన్ని అమ్మ డాబా మీద వడియాల కిందకి తీసేసుకుంది, పూత ఉన్న వైపు కిందకి తిప్పి.