ఓనోస్ రివ్యూ: జర్నల్స్ ఇచ్చారు సరే, లోపలికి వెళ్లేదెలా

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే గవర్నమెంట్ విద్యాసంస్థలన్నిటికీ కలిపి రీసెర్చ్ జర్నల్స్‌కి కేంద్రమే చందా కట్టే స్కీం, మా లైబ్రరీ వాళ్లందరం ఓనోస్ అంటాం, దీని గురించి పేపర్లలో వచ్చిందంతా ఎన్ని కోట్లు, ఎన్ని జర్నల్స్ అనే లెక్కలే. రోజూ వాడేవాళ్లకి ఎలా ఉందో రాసినవాళ్లు నాకైతే పెద్దగా కనపడలేదు. నేను పనిచేసేది గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో, అందుకే చిన్న కాలేజీ వైపు నుంచి చూసి రాస్తున్నా, పెద్ద యూనివర్సిటీల్లో సగం ఇబ్బందులు ఉండకపోవచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఓకే చేసింది, 2025 జనవరి నుంచి నడుస్తోంది, 2025, 2026, 2027 మూడేళ్లకి కలిపి 6,000 కోట్లు. 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300కి పైగా గవర్నమెంట్ సంస్థలు. నడిపేది గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్, యూనివర్సిటీ లైబ్రరీల కోసం యూజీసీ పెట్టిన కేంద్రం. ఇదివరకు పెద్ద యూనివర్సిటీలకి ఈ-శోధ్‌సింధు, వ్యవసాయం వాళ్లకి సెరా, మెడికల్ వాళ్లకి ఎర్మెడ్, ఇలా ఎవరి కన్సార్షియం, అంటే కలిసి జర్నల్స్ తీసుకునే గుంపు, వాళ్లది, మాలాంటి కాలేజీలకి ఎన్-లిస్ట్. ఎన్-లిస్ట్ మంచిదే, కాదనను, కానీ ఎల్సెవియర్ వాళ్ల సైట్ సైన్స్‌డైరెక్ట్‌లో ఒక పేపర్ కావాలంటే మా కెమిస్ట్రీ మేడం యూనివర్సిటీలో ఉన్న ఫ్రెండ్‌కి లింక్ వాట్సాప్ చేసి పీడీఎఫ్ వచ్చేదాకా ఎదురుచూసేవారు. ఇప్పుడు ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, ఐఈఈఈ లాంటి పెద్ద పబ్లిషర్ల జర్నల్స్, ఐఐటీలో కూర్చున్నవాళ్లకి ఏవి తెరుచుకుంటాయో మండల కేంద్రంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కీ అవే తెరుచుకోవాలి. సరుకు విషయంలో నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు, అయిదుకి అయిదు.

తెరుచుకోవాలి అన్నాను చూడండి, అసలు కథ అక్కడుంది.

లోపలికి వెళ్లడానికి దారులు రెండు. ఒకటి ఐపీ. కాలేజీ నెట్‌కి ఉన్న ఐపీ అడ్రస్, అంటే నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్, పబ్లిషర్ దగ్గర రిజిస్టర్ అయి ఉంటే, ఆ నెట్‌లో ఉన్న ఎవరికైనా పాస్‌వర్డ్ లేకుండా పీడీఎఫ్ వచ్చేస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ దానికి మారని ఐపీ, అంటే స్టాటిక్ ఐపీ ఉండాలి. యూనివర్సిటీలకి లీజ్డ్ లైన్లు ఉంటాయి కాబట్టి వాళ్లకి ఓకే, మాది మామూలు బ్రాడ్‌బ్యాండ్, కరెంటు పోయి వచ్చి రూటర్ మళ్లీ ఆన్ అయితే ఐపీ మారిపోతుంది. స్టాటిక్ కావాలంటే అదనంగా కట్టాలి, ఫైల్ పెట్టాం, ఫైళ్లు ఎలా కదులుతాయో మీకు తెలుసు కదా. పైగా మా పిల్లలు వాడేది సొంత ఫోన్లో సొంత డేటా, వైఫై ఉన్నా ఆన్ చెయ్యరు, క్యాంపస్ మధ్యలో నిలబడినా పబ్లిషర్ దృష్టిలో వాళ్లు బయటివాళ్లే.

రెండో దారి ఇన్‌ఫెడ్. ఇది ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల లాగిన్ ఏర్పాటు, లైబ్రరీ వాళ్లం ఐడీలు క్రియేట్ చేసి ఇస్తే ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. మాలాంటి వాళ్లకి ఇదే దిక్కు, నిజం చెప్పాలంటే ఇదే బాగుంది కూడా. కాకపోతే మొదటిసారి ఎవరికైనా తికమకే. పబ్లిషర్ సైట్లో మామూలు సైనిన్ కాకుండా ఇన్‌స్టిట్యూషన్ ద్వారా వెళ్లే బటన్ వెతకాలి, అది ఒక్కో సైట్లో ఒక్కో చోట, ఒక్కో పేరుతో ఉంటుంది, ఒక దాంట్లో ఏకంగా షిబ్బొలెత్ అని ఆ లాగిన్ సాఫ్ట్‌వేర్ పేరే రాసుంది, సెకండియర్ కుర్రాడికి ఆ మాట చూపిస్తే వాడేం చేస్తాడు, వెనక్కి నొక్కుతాడు. ఆ తర్వాత లిస్టులోంచి కాలేజీ పేరు ఎంచుకోవాలి, అక్కడ గవర్నమెంట్ డిగ్రీ కాలేజ్ అని కొడితే వరసగా అవే పేర్లు వస్తాయి, అందుకే ఊరి పేరు కొట్టి వెతకండి, టైం కలిసొస్తుంది.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఏంటంటే, లాగిన్ అవ్వకపోయినా, ఆ జర్నల్ మనకి నిజంగానే లేకపోయినా, స్క్రీన్ మీద కనపడేది ఒకటే, పేపర్ కొనుక్కోండి, ఇన్ని డాలర్లు. మీకు హక్కు ఉంది, ఇటు నుంచి రండి అని చెప్పే నాథుడు లేడు. స్టూడెంట్ ఏమనుకుంటాడు, మన కాలేజీకి ఇది లేదు అనుకుంటాడు, ట్యాబ్ మూసేస్తాడు, మళ్లీ అడగడు కూడా. నా దగ్గరికి వచ్చి సార్ ఇది రావట్లేదు అన్నవాళ్లలో ఎక్కువమందికి కావాల్సిన జర్నల్ ఓనోస్‌లో ఉన్నదే. పెళ్లి భోజనానికి పిలిచి హాలు అడ్రస్ ఇవ్వనట్టు ఉంది యవ్వారం. పబ్లిషర్ల అనుమతి లేకుండా పేపర్లు పెట్టే సైట్ సై-హబ్‌కి పిల్లలు ఎందుకు అలవాటుపడ్డారంటే ఫ్రీ అని ఒక్కటే కాదు, లింక్ పేస్ట్ చేస్తే పీడీఎఫ్ వచ్చేది, అంతే. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు దాన్ని బ్లాక్ చెయ్యమంది కాబట్టి ఇప్పుడైనా సక్రమమైన దారి అంత సులువుగా ఉండాలి కదా.

ఇంకో మాట, డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టి ఒక జర్నల్ సంచికలన్నీ ఒకేసారి లాగెయ్యాలని చూడొద్దు, పబ్లిషర్ సిస్టం పసిగడితే ఆ ఐపీ మొత్తాన్ని ఆపేస్తుంది, ఒకడి ఆత్రానికి కాలేజీ అంతా ఆగిపోతుంది. ఐడీలు బయటివాళ్లకి ఇవ్వడం కూడా అలాంటిదే. అడుగుతారు, నాకు తెలుసు, ఎందుకంటే ఈ మొదటి విడతలో ప్రైవేట్ కాలేజీలు లేవు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు ఎక్కువ శాతం ప్రైవేటే, అంటే ఐఈఈఈ జర్నల్స్ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే బయట ఉన్నారు. పేరు వన్ నేషన్, ఏం చేస్తాం.

తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లు మాకేముంది ఇందులో అని అడిగారు. పెద్దగా ఏం లేదండి, వాళ్లకి ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో ఉన్న పాత పత్రికలే ఎక్కువ పనికొస్తాయి, అదే చెప్పి పంపించా.

ఐపీ ఉన్న క్యాంపస్ వాళ్లకి ఒక చిట్కా, క్యాంపస్ వైఫైలో ఉన్నప్పుడు మీ గూగుల్ అకౌంట్‌తో గూగుల్ స్కాలర్ తెరిచి వాడుకోండి, అది మీ కాలేజీని గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ఇంటి నుంచి స్కాలర్‌లో వెతికినా కొందరు పబ్లిషర్ల పేపర్లు నేరుగా తెరుచుకుంటాయి. మిగతావాళ్లు ఇన్‌ఫెడ్ ఐడీ తీసుకోండి. తీసుకున్నాక ఫ్రెండ్ పంపిన పీడీఎఫ్‌లు కాకుండా మీ లాగిన్‌తోనే దింపుకోండి, ఎందుకంటే వాడకం లెక్కలు కాలేజీల వారీగా పడతాయి, ఓనోస్ వాడకాన్ని ఏఎన్ఆర్ఎఫ్, అంటే కేంద్రం పెట్టిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, రివ్యూ చేస్తుందని స్కీంలోనే ఉంది, ఇప్పటికి డబ్బు కేటాయించింది 2027 వరకే.

లాగిన్ తిప్పలకి నేనిచ్చేది అయిదుకి రెండున్నర. మా కాలేజీ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఐడీ వివరాల మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది, ముందు అక్కడ చూసి తర్వాత నా దగ్గరికి రండి.