ఎస్పీ రోడ్డు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్: ఆరు నెలలు వాడాక

బెంగళూరు ఎస్పీ రోడ్డులో, మెట్ల కింద ఉన్న ఒక చిన్న షాపులో 21,500 రూపాయలకు కొన్నాను. ఐ5, 16 జీబీ ర్యామ్, ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన మెషీన్. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. షాపు కుర్రాడిది హిందూపురం. "గేమింగ్‌కా సార్?" అన్నాడు. "లెక్కలకి నాయనా" అంటే, "ఎక్సెలా, ఎగురుకుంటూ పోతుంది సార్" అన్నాడు.

నా పని వేరు. ఒక సంఖ్య తీసుకుని, వచ్చిన జవాబునే మళ్లీ అదే సూత్రంలో వేస్తూ పోవాలి. సూత్రంలో అదృష్టానికి చోటు లేదు. అయినా చాలా సంఖ్యలతో ఇలా మొదలుపెట్టి, ఒక్కోదాని విలువలన్నీ కూడి ఆ మొత్తాలను బొమ్మ గీసి చూస్తే, నాణేలు ఎగరేసినప్పటిలాగే గంట ఆకారం (మధ్యలో ఎత్తు, రెండు వైపులా ఒకేలా వాలు) వస్తుంది. ఎంత త్వరగా వస్తుందన్నదే నా తలనొప్పి.

మొదటి రాత్రే టెన్షన్. సంఖ్యని రెట్టింపు చేసి, ఒకటికి చేరితే ఒకటి తీసేసే సూత్రం పెట్టాను. 53 అడుగుల్లోపే సున్నా. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా సున్నానే. ర్యామ్ పోయిందనుకుని, పొద్దున్నే షాపుకెళ్లి పోట్లాడదామని బిల్లు తీసి పెట్టుకున్నాను. ముందు మా గైడ్ గారికి ఫోన్ చేయడం మంచిదైంది. నేను ప్రోగ్రామ్ రాసే భాష పైథాన్ ఇచ్చే ర్యాండమ్ సంఖ్యలో బైనరీలో 53 బిట్లే (0, 1 అంకెలే) ఉంటాయట. రెట్టింపు చేసిన ప్రతిసారీ ముందున్న బిట్ ఒకటి రాలిపోతుంది, చివరికి రాలడానికి ఏమీ మిగలదు. లక్ష పోసి కొన్న మెషీన్‌లోనూ ఇదే జరుగుతుంది. కుర్రాడికి మనసులోనే సారీ చెప్పుకున్నాను.

తర్వాత లాజిస్టిక్ సూత్రానికి మారాను: సంఖ్యని, ఒకటిలోంచి దాన్ని తీసేస్తే మిగిలినదాంతో గుణించి, నాలుగు రెట్లు చేయడం. 1947లో గణితజ్ఞులు ఉలామ్, వాన్ నాయ్‌మన్ చర్చించినదే. దానికి వేరియన్స్ (విలువలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) కచ్చితంగా 1/8 అని చేత్తోనే కట్టొచ్చు. ల్యాప్‌టాప్ 0.125 చూపించింది. పది లక్షల సంఖ్యలతో మొదలుపెట్టి ఒక్కోదానితో పది వేల అడుగులు, అంటే వెయ్యి కోట్ల అడుగులు వేయించినా మొరాయించలేదు. ఇక్కడ మెషీన్‌కి పూర్తి మార్కులు.

ఇంకాస్త ఖరీదైనది కొంటే లెక్క ఇంకా కచ్చితంగా వస్తుందా అని మా కొలీగ్ అడిగాడు. గణితజ్ఞులు బెర్రీ 1941లో, ఎసీన్ 1942లో స్వతంత్రమైన (నాణేల్లా ఒకదానిమీద ఒకటి ఆధారపడని) రాశులకు చూపించిన రేటే ఇలాంటి సూత్రాలకూ వర్తిస్తుంది: తప్పు, అంటే గంట ఆకారంతో ఉన్న తేడా, పదో వంతుకు తగ్గాలంటే వంద రెట్లు అడుగులు వేయాలి. రెట్టింపు వేగం ఉన్న ప్రాసెసర్‌కి ఇంకో ముప్పై వేలు పోస్తే, అదే సమయంలో తప్పు మూడో వంతు కూడా తగ్గదు. డబ్బు ఉంచుకో అన్నాను.

అసలు పరీక్ష సున్నా దగ్గర అతుక్కుపోయే సూత్రంతో. అక్కడికెళ్లిన సంఖ్య మా ఊరి పెళ్లిభోజనాల్లో కూర్చున్న పెద్దాయనలా ఓ పట్టాన లేవదు. ఎంత గట్టిగా అతుక్కుంటుందో సూత్రంలో మనమే పెట్టే ఆ జిగురు కొలత సగానికి (0.5కి) లోపలుంటే గంట ఆకారం వస్తుంది, దాటితే రాదు. ఇది గణితజ్ఞుడు గువెజెల్ 2004 పేపర్‌లో ఉంది. 0.7 పెట్టి రాత్రంతా నడిపితే, తెల్లారేసరికి ఎడమవైపు పొడుగాటి తోకతో బొమ్మ వచ్చింది. ఈసారి ర్యామ్‌ని అనుమానించలేదు.

కానీ ఆ రాత్రి ఫ్యాన్ మోత! మా ఆవిడ దిండు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది. ఒళ్లో పెట్టుకుంటే తొడ కాలుతుంది. బ్యాటరీ మూడు గంటలొస్తుందన్నారు, ఇలాంటి పనికి యాభై నిమిషాలు దాటదు. అడిగితే, "లెక్కలంటే ఇంత లెక్కలనుకోలేదు సార్" అన్నాడు కుర్రాడు. 400 తీసుకుని ఫ్యాన్ శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని లాగే పేస్ట్ మార్చాడు. బ్యాటరీ మాత్రం మార్చనన్నాడు, వారంటీలో లేదట.

ఐదుకి మూడున్నర. కొనేవాళ్లు షాపులోనే ఛార్జర్ పీకేసి అరగంట నడిపించి చూడండి. ఎక్సెల్‌తో కాదు.