కాశ్మీర్ ఆపిలా, స్టిక్కర్ ఆపిలా: ఏది మేలు?

నల్లగొండ గడియారం సెంటర్‌లో గానీ, మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర గానీ పండ్ల బండి ముందు నిలబడితే రెండు రకాల కుప్పలు కనబడతాయి. ఒకటి సిమ్లాదో కాశ్మీర్‌దో, మన దేశపు ఆపిల్. ఒక్కో పండు ఒక్కో సైజు, అక్కడక్కడా మచ్చలు. రెండోది విదేశీ ఆపిల్. అన్నీ ఒకే తీరుగా నిగనిగలాడుతూ, మీద చిన్న స్టిక్కర్‌తో ఉంటాయి. ఖరీదైనదే తాజాదని చాలామంది దాన్నే తీసుకుంటారు. దవాఖానలో ఉన్న మనిషిని చూడడానికి పోయేటప్పుడైతే మరీ. నన్నడిగితే, ధర కన్నా ముందు చూడాల్సింది నెల.

హిమాచల్‌లో ఆపిల్ కోత జులైలో మొదలై అక్టోబర్ దాకా సాగుతుంది. కాశ్మీర్ పండు ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలవుతుంది. అంటే వినాయక చవితి నుంచి బతుకమ్మ, దసరా, దీపావళి దాకా బండి మీద ఉండే దేశీ పండు చెట్టు దిగి ఎక్కువ రోజులు అయి ఉండదు. నల్లగొండ వైపుకైతే హైదరాబాద్ పండ్ల మార్కెట్ కూడా దగ్గరికే వచ్చింది. 2021లో కొత్తపేట నుంచి బాటసింగారానికి మారాక, అది విజయవాడ హైవే మీదే ఉంది.

అమెరికాలోని వాషింగ్టన్‌లోనూ కోత ఇంచుమించు ఆగస్టు నుంచి నవంబర్ మధ్యే. అయినా ఆ పండు ఏడాది పొడుగునా దొరుకుతుంది. కోసిన పండును సున్నా డిగ్రీలకు దగ్గరగా చల్లబరిచి, గదిలో ఆక్సిజన్‌ను ఒకటి రెండు శాతానికి తగ్గించి మూసేస్తారు. పండు శ్వాస నెమ్మదించి నెలల తరబడి గట్టిగా ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. ఇలాంటి స్టోరేజీలు కాశ్మీర్‌లో పుల్వామా దగ్గరి లస్సీపోరాలోనూ ఉన్నాయి. చిక్కల్లా పండు ఆ గది నుంచి బయటికొచ్చాకే. అప్పుడు మళ్లీ ముదరడం మొదలవుతుంది, మన ఎండకు ఇంకా జోరుగా. ఆగస్టులో కనబడే అమెరికా పండు చాలా మటుకు పోయినేడు కోసిందే. న్యూజిలాండ్, చిలీల లెక్క వేరు. అక్కడ కోత ఫిబ్రవరి నుంచి మే దాకా, కాబట్టి మే, జూన్‌లలో వచ్చే గాలా రకం పండు కొత్త పంటదై ఉండొచ్చు.

ఇంకో సంగతి. ముదురు ఎరుపులో, అడుగున బుడిపెలతో ఉండే రెడ్ డెలిషియస్ అమెరికాలో పుట్టిన రకం. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ 1916 ప్రాంతంలో దాన్ని సిమ్లా దగ్గరి కోట్‌గఢ్‌కు తెచ్చాడు. మన సిమ్లా డెలిషియస్, వాళ్ల వాషింగ్టన్ డెలిషియస్ ఒకే వంశం. కాబట్టి ఆ రెండింటి మధ్య పోటీ తాజా పండుకూ నిల్వ పండుకూ మధ్యే. పైగా ఈ రకం తొందరగా మెత్తబడి, లోపల పిండిపిండిగా అయిపోతుంది. చూడ్డానికి మాత్రం ఎర్రగానే ఉంటుంది. ఫ్యూజీ అనే రకం అలా కాదు, చాలా కాలం కరకరలాడుతుంది.

అందుకే నా ఎంపిక ఇది. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా దేశీ పండు, రెండో మాట లేదు. సంక్రాంతి దాటాక కూడా దేశీదే, కానీ చేత్తో చూసి గట్టిగా ఉంటేనే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆపిలే కావాలంటే ఫ్యూజీ, లేదా కొత్తగా వచ్చిన గాలా. ఆ నెలల్లో కొల్లాపూర్ మామిడి ఇంటి ముందుకు వస్తుంటే ఆపిల్ కోసం అంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

ఏరేటప్పుడు బొటనవేలితో నొక్కొద్దు. నొక్కిన చోటు రెండు రోజుల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. అరచేతిలో పెట్టుకుంటే సైజుకు తగ్గ బరువు తెలియాలి. తొడిమ చుట్టూ ఉన్న గుంట చూడండి, తోలు ముడతలు పడితే నీరు తగ్గినట్టే. ఎరుపు మధ్య కనిపించే అసలు రంగు లేత పచ్చగా ఉంటే నిల్వకు మంచిది, పసుపు తిరిగితే వెంటనే తినాలి. బాగా పెద్ద పండు కన్నా మధ్యస్తం సైజుదే ఎక్కువ రోజులు ఆగుతుంది. రెడ్ డెలిషియస్‌లో కొన్నింటికి అడుగు పువ్వు దగ్గర సందు ఉండి, పైకి బాగున్నా గింజల చుట్టూ బూజు ఉంటుంది. పిల్లలకు కోసి చూసే ఇవ్వండి.

గోరుతో గీస్తే తెల్లగా వచ్చే మైనం గురించి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. ఆపిల్‌కు సహజంగానే పల్చని మైనపు పొర ఉంటుంది. ప్యాకింగ్‌కు ముందు పండును కడిగాక మళ్లీ పూసే తేనెమైనం, కార్నౌబా (ఒక తాటి జాతి చెట్టు మైనం), లక్క లాంటివాటికి మన ఆహార నిబంధనల్లో అనుమతి ఉంది. తినే ముందు బాగా రుద్ది కడిగితే చాలు. కడిగి దాచొద్దు, తడికి కుళ్లు అంటుకుంటుంది.

ఇక బుట్టా, ఫ్రిజ్జా? బత్తాయి బుట్టలో కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. బాలానగర్ సీతాఫలాన్ని పచ్చిగా ఫ్రిజ్‌లో పెడితే నల్లబడి పాడవుతుంది. ఆపిల్‌కు మాత్రం ఫ్రిజ్జే మేలు, మే నెలలో 44 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో అయితే తప్పదు. బయట ఉన్న పండు ఫ్రిజ్‌లో కన్నా ఎన్నో రెట్లు వేగంగా మెత్తబడుతుంది. నాలుగు చిల్లులు పెట్టిన కవర్లో వేసి, కింది కూరగాయల అరలో పెట్టండి. దెబ్బ తగిలినదాన్ని తీసి ముందు తినేయండి. ఆపిల్ నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. దానికి పక్కనున్న కొత్తిమీర, పాలకూర పసుపెక్కుతాయి, క్యారెట్ చేదెక్కుతుంది. వాటిని వేరే కవర్లో, దూరంగా ఉంచండి. అదే వాయువు పచ్చి సీతాఫలాలకు పనికొస్తుంది. బయట డబ్బాలో వాటి మధ్య ఒక ఆపిల్ పెడితే తొందరగా మాగుతాయి.

ఫ్రిజ్ లేని ఇంట్లోనూ, కరెంటు నిలకడగా లేని ఊళ్లోనూ కిలోలు కొని దాచడం కన్నా రెండు మూడు పండ్లు తెచ్చుకోవడం నయం. వాటిని కిటికీ ఎండ తగలని గదిలో నేల మీద, అరటిపండ్లకు దూరంగా పెట్టుకుంటే చాలు.